ఒరిజినల్ అని చెప్పి రీమేక్ డీవీడీలు అంటగడుతున్నడు, జాగ్రత్త

నల్లగొండల పాత డీవీడీలు కొనేటోళ్లకు ఈ అమ్మేటాయన ఎవరో తెలుసు, పేరు రాస్తలేను. 'మణిచిత్రత్తాళు', 'దృశ్యం', 'ప్రేమమ్' మూడూ మలయాళానివే కావాలని అడిగి 900 కొట్టిన. వచ్చినవి మన తెలుగు 'చంద్రముఖి', వెంకటేశ్ 'దృశ్యం', నాగచైతన్య 'ప్రేమమ్'.

ఫోన్ చేస్తే ఏమన్నడో తెలుసా? "కథ ఒక్కటే కద సార్, తెలుగుల అయితే మీకే మంచిగ అర్థమైతది." నేను అడిగిందే మలయాళం అని మళ్ల చెప్పిన. "గింత దానికి ఇంత లొల్లా" అని ఫోన్ పెట్టేసిండు. పోయిన పైసల కన్న ఆ మాటనే ఇంకా మండుతున్నది.

కథ ఒక్కటే ఎట్లయితది? 1993 'మణిచిత్రత్తాళు'ల గంగ మాట్లాడేది మలయాళం, ఆమెను పట్టిన నాగవల్లి తంజావూరు నర్తకి, మాట్లాడేది తమిళం. భాష మారంగనే మనిషి మారిందని ఒళ్లు జలదరిస్తది. 2005ల అదే కథను తమిళంల 'చంద్రముఖి'గ తీసినప్పుడు ఆ నర్తకికి తెలుగు పెట్టిన్రు, 'రారా' పాట తమిళ సినిమాలనే తెలుగుల ఉండుడు అందుకే. మనకు డబ్బింగ్ చేసేటప్పుడు అదే పాట 'వారాయ్' అని తమిళమైంది. అంటే మనం చూసింది రీమేక్‌కు డబ్బింగ్. పైగా మలయాళంల మోహన్‌లాల్ డాక్టర్ చాలాసేపటిగ్గాని రాడు, సినిమా మొత్తం గంగగ చేసిన శోభన మీదనే నిలబడ్డది, జాతీయ అవార్డు కూడ ఆమెకే వచ్చింది. రజనీకాంత్ సినిమాల ఆ బరువంతా హీరో మీదికి పోయింది.

తప్పు నాది కూడ ఉంది, అట్ట వెనక ఫొటో అడగకుంటనే పైసలు పంపిన.

పేరు ఒకటే ఉన్న సినిమాలతోనే పెద్ద తిప్పలు. మీనా రెండు 'దృశ్యం'లల ఉంది, అనుపమ, మడోన్నా రెండు 'ప్రేమమ్'లల ఉన్నరు, అట్ట మీద వాళ్ల బొమ్మ చూసి నమ్మొద్దు. డైరెక్టర్ పేరు చూడుండ్రి: 2013 'దృశ్యం' జీతూ జోసెఫ్‌ది, 2014 తెలుగుది శ్రీప్రియది. 2015 'ప్రేమమ్' అల్ఫోన్స్ పుత్రెన్‌ది, 2016 తెలుగుది చందూ మొండేటిది. డిస్క్ వేయించి సెన్సార్ సర్టిఫికెట్ వచ్చేదాక వీడియో తీసి పంపమనుండ్రి, అండ్ల భాష రాసుంటది. సబ్‌టైటిల్స్ ఉన్నయో లేవో కూడ అడుగుండ్రి, లేకుంటే మలయాళం రానోళ్లకు ఒరిజినల్ దొరికినా లాభం లేదు. ఇవన్ని చూసినంకనే పైసలు కొట్టుండ్రి.