ఎముకల క్లినిక్: డాక్టరుగారికి ఐదు స్టార్లు, వెయిటింగ్ హాలుకి రెండు

మా అమ్మకి 63 ఏళ్లు, 12 ఏళ్లుగా షుగరు. బాత్రూంలో జారిపడి కుడి మణికట్టు విరిగింది. పుత్తూరు కట్టు వేయిద్దామని మామయ్య ఒకటే పట్టు. నేను వినకుండా తెనాలిలో మా ఇంటి దగ్గరి క్లినిక్‌కే తీసుకెళ్లాను.

ఎక్స్‌రే చూడగానే డాక్టరుగారు హెచ్‌బీఏ1సీ పరీక్ష రాశారు, గత రెండు మూడు నెలల సగటు షుగరు చెప్పేది. 9.4 వచ్చింది, బాగా ఎక్కువ. "అమ్మా, ఎముక అతకడానికి మామూలుగా ఆరు వారాలు. మీకు ఇంకా పట్టొచ్చు" అని ముందే చెప్పేశారు. రక్తంలో చక్కెర ఎక్కువుంటే కొత్త ఎముకను కట్టే కణాలు మందగిస్తాయట, సన్నటి రక్తనాళాలు దెబ్బతిని రక్తం కూడా సరిగా అందదట. కట్టు లోపల ఒరుసుకుని పుండు పడినా షుగరు వాళ్లకి నొప్పి తెలియకపోవచ్చు, వేళ్లు వాచినా తిమ్మిరెక్కినా ఆగకుండా రమ్మన్నారు. ఇంత విడమరిచి చెప్పేవాళ్లని నేను చూడలేదు.

వెయిటింగ్ మాత్రం నరకం. టోకెన్ తీసుకున్నాక రెండు గంటలు. షుగరు మనిషికి ఆకలేస్తే అక్కడ దొరికేది క్రీమ్ బిస్కెట్లు, తీపి టీ!

తొమ్మిదో వారంలో కట్టు తీశారు. ఫిజియోథెరపీ నడుస్తోంది. నిన్న అమ్మ గోంగూర నూరింది, ఎడమ చేత్తోనే అనుకోండి.