ఓడ మీద ఒక సెమిస్టరు: ‘సెమిస్టర్ ఎట్ సీ’పై ఒక తల్లి సమీక్ష

అమెరికాలో డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి ఒక సెమిస్టరు మొత్తం ఓడ మీద చదివిందని చెబితే, విజయవాడలో తెలిసినవారిలో ఎక్కువమంది మొదట అడిగే ప్రశ్న ఎన్ని దేశాలు చూసిందనే. అడగడంలో తప్పు లేదు గానీ, ‘సెమిస్టర్ ఎట్ సీ’ అనే ఈ కార్యక్రమం విలువ కట్టడానికి ఆ లెక్క పనికిరాదని నా అభిప్రాయం. దేశాలు చూడటమే కావాలనుకుంటే, ఇంతకంటే చాలా తక్కువ ఖర్చుతో చూపించే యాత్రా సంస్థలు మన ఊళ్లోనే ఉన్నాయి. ఒక రేవు వదిలి మరో రేవు చేరేలోపు, చుట్టూ నీళ్లు తప్ప ఏమీ కనిపించని రోజుల్లో జరిగే పాఠాల కోసమే ఇంత డబ్బు పెట్టాలి. నేను ఒక డిగ్రీ కళాశాలలో అర్థశాస్త్రం బోధిస్తాను కనుక, ఈ సమీక్షలో తల్లి ఆరాటంతో పాటు అధ్యాపకురాలి పరిశీలన కూడా ఉంటుంది.

కన్సల్టెన్సీల మాటలు నమ్మి డబ్బు పోగొట్టుకున్న కుటుంబాలు మన జిల్లాల్లో కొత్త కాదు గనుక, ముందు సంస్థ పూర్వాపరాలు చెప్పాలి. ఈ చదువు 1963లో ‘సెవెన్ సీస్’ అనే ఓడ మీద మొదలైంది. కొన్నేళ్లకు సి.వై. టంగ్ అనే హాంకాంగ్ నౌకా వ్యాపారి ఈ ఆలోచన మీద మక్కువతో, ప్రపంచ ప్రసిద్ధి పొందిన ‘క్వీన్ ఎలిజబెత్’ నౌకను కొని, దానిని సముద్రం మీద విశ్వవిద్యాలయంగా మార్చబోయారు. ఆ పని పూర్తికాకముందే 1972 జనవరిలో హాంకాంగ్ రేవులో ఆ నౌక కాలిపోయింది. అయినా ఆయన సంస్థ చేతిలో ఉన్న మరో చిన్న ఓడ మీద చదువు ఆగకుండా సాగింది. ఇప్పుడు దీనిని నడిపేది కొలరాడో రాష్ట్రంలోని ఫోర్ట్ కాలిన్స్‌లో ఉన్న ఒక లాభాపేక్ష లేని సంస్థ. 2016లో కొలరాడో స్టేట్ విశ్వవిద్యాలయం విద్యా భాగస్వామిగా చేరింది, మా అమ్మాయికి క్రెడిట్లు, అంటే డిగ్రీ లెక్కలో కలిసే పాయింట్లు, ఇచ్చిందీ ఆ విశ్వవిద్యాలయమే. ఆమె ఎక్కిన ఓడ ‘వరల్డ్ ఒడిస్సీ’ 1998లో జర్మనీలోని కీల్ నగరంలో తయారైంది. పొడవు 175 మీటర్లు. 2015 నుంచి ఈ చదువులు దాని మీద జరుగుతున్నాయి.

ప్రయాణం నూరు రోజులకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. ఓడ నడుస్తున్న రోజుల్లోనే తరగతులు జరుగుతాయి, రేవులో ఆగిన రోజుల్లో జరగవు. అందువల్ల సముద్రం మీద శని, ఆదివారాల సెలవు అనే మాటే లేదు. తరగతులను రెండు వరుసలుగా విభజించి ఒక రోజు ఒక వరుస, మరునాడు రెండో వరుస నడుపుతారు, మధ్యలో ఎప్పుడైనా చదువుకోవడానికి ఒక ఖాళీ రోజు ఇస్తారు. ఓడ తూర్పు నుంచి పడమరకు సాగింది కనుక కొన్ని రాత్రులు గడియారం ఒక గంట వెనక్కి తిప్పుకునే అదృష్టం మా అమ్మాయికి దక్కింది. తూర్పు దిశగా వెళ్లే ప్రయాణాల్లో ఆ గంట నిద్ర పోతుంది, మరునాడు పొద్దున తరగతి మాత్రం వేళకే ఉంటుంది. విద్యార్థులు సాధారణంగా నాలుగు కోర్సుల వరకు తీసుకుంటారు. వాటిలో ప్రపంచ అధ్యయనానికి సంబంధించిన ఒక కోర్సు అందరికీ తప్పనిసరి. కోర్సులకు ఏదో ఒక రేవులో ఒక రోజంతా సాగే క్షేత్ర పాఠం ఉంటుంది. అది విహారం కాదు, హాజరుకూ మార్కులకూ లెక్కలోకి వస్తుంది.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆకట్టుకున్నది అధ్యాపకులు కూడా అదే ఓడలో నివసించడం. కొందరు భార్యాపిల్లలతో సహా వస్తారు. పొద్దున పాఠం చెప్పిన ఆచార్యుడే మధ్యాహ్నం భోజనాల దగ్గర పళ్లెం పట్టుకుని పక్కన వచ్చి కూర్చుంటాడు. తరగతిలో అడగడానికి బెదిరిన ప్రశ్న అక్కడ అడగవచ్చు. మా అమ్మాయి ఇంటర్మీడియట్ ఇక్కడే ఒక రెసిడెన్షియల్ కళాశాలలో చదివింది, స్టడీ అవర్లు, వారాంతపు పరీక్షలు, ర్యాంకుల జాబితాలు తప్ప ఉపాధ్యాయుడితో తీరుబడిగా మాట్లాడిన సందర్భం దానికి గుర్తు లేదు. అలాంటి పిల్ల, రాత్రి భోజనం తర్వాత డెక్కు మీద తన ఆచార్యురాలితో కలిసి వాదించుకుంటూ గంటసేపు నడిచానని రాసినప్పుడు, ఇరవై ఏళ్లకు పైగా పాఠాలు చెబుతున్న నేను మా కళాశాలలో అలాంటి అవకాశం ఎంతమందికి ఇచ్చానా అని ఆలోచనలో పడ్డాను. మనకు ఓడలు అక్కరలేదు, సాయంత్రం ఒక గంట కళాశాలలో కూర్చుంటే చాలు. సమీక్షకు ఇది కాస్త పక్కమాటే అయినా, తోటి అధ్యాపకులు చదువుతారని రాస్తున్నాను.

ఆర్థిక శాస్త్ర కోర్సులో ఇచ్చిన ఒక పని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ప్రతి రేవులోనూ కిలో బియ్యం ధర, సిటీ బస్సులో కనీస టికెట్టు, మామూలు కూలికి గంటకు దొరికే డబ్బు కనుక్కుని రాసుకోవాలి. తర్వాత కిలో బియ్యం కొనడానికి అక్కడి కూలి ఎన్ని నిమిషాలు పనిచేయాలో లెక్క కట్టాలి. చెమ్మకు అట్ట ఉబ్బిపోయిన ఆ నోటుపుస్తకం ఇప్పుడు మా ఇంట్లో ఉంది. నిలువు గీతలు కొట్టిన పేజీల్లో ఒక్కో రేవుకు ఒక్కో వరుస, పక్కన ఆ ధర ఎవరు చెప్పారో కూడా ఉంది: బస్సు కండక్టరు, పండ్లమ్మే ఆమె, రేవు కూలీ. ఒకచోట ఇద్దరు రెండు ధరలు చెబితే రెండూ రాసి, తేడా ఎందుకు వచ్చిందో కింద రెండు వాక్యాల్లో వివరించింది. కొనుగోలు శక్తి అనే భావనను నేను నల్లబల్ల మీద ఏటా చెబుతాను, పిల్లలు ఏటా పరీక్షలో నిర్వచనం రాస్తారు. నిర్వచనం ఒక్కటీ లేని ఆ పుస్తకంలో ఆ భావన ఎంత స్పష్టంగా ఉందో చూసి, ఈ ఏడాది మా విద్యార్థులకు అదే పనిని పటమట రైతు బజారులో ఇచ్చాను.

ఓడ కొచ్చిలో ఆగినప్పుడు మేము ఎర్నాకుళం వెళ్లి మా అమ్మాయిని కలిశాము. బంధువులు వచ్చారు కదా అని ఓడ ఎక్కనిస్తారనే ఆశ పెట్టుకోవద్దు, కలుసుకోవడం బయటే. మట్టాంచేరిలోని డచ్ ప్యాలెస్‌ను నిజానికి పోర్చుగీసువారు కొచ్చి రాజుకు కట్టించి ఇచ్చారనీ, డచ్చివారు తర్వాత మరమ్మతులు చేశారనీ మాకు వివరించింది మా అమ్మాయే. రేవు చేరడానికి ముందు ఆ ఊరి గురించి ఓడలో పాఠం జరుగుతుంది, దిగాక చూసిన దానిని తర్వాత తరగతిలో మళ్లీ చర్చిస్తారు. ఆ ముందు పాఠం, వెనుక చర్చ లేకపోతే ఐదారు రోజుల మకాంలో ఏ దేశమూ అర్థం కాదు.

దీనికి ఘనాయే పెద్ద ఉదాహరణ. అక్కడి సముద్రతీరాన 1482లో పోర్చుగీసువారు కట్టడం మొదలుపెట్టిన ఎల్మీనా కోట ఉంది. అట్లాంటిక్ అవతలికి బానిసలుగా అమ్మబోయే ఆఫ్రికా మనుషులను తర్వాతి కాలంలో ఆ కోటలోని చీకటి గదుల్లో బంధించేవారు. చూడటానికి వెళ్లేముందు ఓడలో చదివించిన పాఠాల్లో మా అమ్మాయికి ఒక సంగతి తగిలింది. ఆ మనుషులను కొనడానికి ఐరోపా వ్యాపారులు ఇచ్చిన సరుకుల్లో భారతదేశపు నూలు బట్టలు ముఖ్యమైనవి, వాటిలో కోరమాండల్ తీరంలో నేసినవీ ఉన్నాయి. ఆ తీరమంటే మనదే. 1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టింది, డచ్చివారు అంతకు కొద్దికాలం ముందే వచ్చారు. బందరు కలంకారీ గురించి గర్వంగా చెప్పుకుంటూ పెరిగిన పిల్ల, మన నేతగాళ్ల చేతి గుడ్డ ఎక్కడో ఒక మనిషికి వెలగా మారిందని తెలుసుకుని ఆ కోటలోకి అడుగుపెట్టింది. నేతగాడికి ఆ సంగతి తెలిసే అవకాశం లేదు, అతని తప్పూ లేదు. కానీ వ్యాపారం అంటే ఏమిటో, లాభం ఎవరి దగ్గర ఆగుతుందో, నష్టం ఎంత దూరం పోయి ఎవరి మీద పడుతుందో ఆ ఒక్క ప్రయాణంలో దానికి తెలిసింది. విజయవాడకు గంటన్నర దూరంలో ఉన్న బందరు చరిత్ర మా పిల్లకు ఆఫ్రికా ఒడ్డున తెలియవలసి వచ్చినందుకు నాకు బాధగానే ఉంది. ఎలాగైతేనేం తెలిసినందుకు ఈ కార్యక్రమానికి కృతజ్ఞత కూడా ఉంది.

ఇక ఖర్చు. గది రకాన్ని బట్టి ఫీజు మారుతుంది గానీ, 25,000 డాలర్లకు పైమాటే, అంటే మన డబ్బులో ఇరవై లక్షలు దాటుతుంది. చదువు, గది, ఓడలో భోజనం ఇందులోకి వస్తాయి. ఓడ ఎక్కే ఊరికీ, దిగిన ఊరి నుంచి ఇంటికీ విమాన ఛార్జీలు, వీసాలు, టీకాలు, రేవుల్లో తిరిగే ఖర్చు విడిగా భరించాలి. ఆర్థిక సహాయం, ఓడలోనే పనిచేసి కొంత సంపాదించుకునే అవకాశం ఉన్నాయి కనుక దరఖాస్తుతో పాటే వాటికీ రాసుకోవాలి. డబ్బు పంపేటప్పుడు మా బ్యాంకు శాఖలో కాగితాల మీద ఓడ అని కనిపించగానే దీనిని విహారయాత్ర ఖాతాలో వేస్తామన్నారు. అప్పటి నిబంధనల ప్రకారం విహారయాత్రకు వసూలు చేసే టీసీఎస్ (డబ్బు పంపేటప్పుడే బ్యాంకు పట్టుకునే పన్ను) చదువుకు వసూలు చేసే దానికంటే బాగా ఎక్కువ. క్రెడిట్ల వివరాలున్న ప్రవేశ పత్రం, ఫీజు రసీదు, అమ్మాయి సొంత విశ్వవిద్యాలయం ఇచ్చిన అనుమతి లేఖ చూపించాక మేనేజరు గారు చదువు కింద మార్చారు. మీరు ఈ మూడు కాగితాలూ మొదటిసారే పట్టుకెళ్లండి.

భారత పాస్‌పోర్టు ఉన్న పిల్లలకు అసలు శ్రమ వీసాలు. అమెరికా పిల్లలు వీసా లేకుండా దిగే చాలా దేశాల్లో మనకు ముందుగా వీసా కావాలి, ఐరోపాలో దిగాలంటే షెన్‌గెన్ వీసా, దక్షిణాఫ్రికాకు వేరుగా. ఘనాకూ వీసా తీసుకోవాలి. ఒక వీసా కోసం పాస్‌పోర్టు ఒకచోట చిక్కుకుంటే రెండో దరఖాస్తు ఆగిపోతుంది కాబట్టి, మార్గం ప్రకటించిన రోజే క్యాలెండరు ముందు పెట్టుకుని ఏది ముందో ఏది వెనకో నిర్ణయించుకోవాలి. ఘనాకు ఎల్లో ఫీవర్ టీకా పత్రం తప్పనిసరి. టీకా వేసుకున్న పది రోజుల తర్వాతే అది చెల్లుతుంది. అక్కడి నుంచి భారతదేశానికి వచ్చేటప్పుడు మనవాళ్లూ అదే అడుగుతారు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న కేంద్రాల్లోనే ఈ టీకా వేస్తారు, వీధి చివరి క్లినిక్‌లో వేయించుకుంటే పత్రం చెల్లదు. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద అమెరికాలో చదివే పిల్లలు బయలుదేరేముందు తమ విశ్వవిద్యాలయంలోని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంతో మాట్లాడి, సెమిస్టరు బయట గడిపినా తమ హోదా నిలిచేలా నమోదు చేయించుకుని, ఐ-20 అనే విద్యార్థి హోదా పత్రం మీద ప్రయాణ సంతకం తీసుకోవాలి.

గది ఇద్దరికో ముగ్గురికో ఉంటుంది, సామాను తక్కువ ఉంటేనే సుఖం. శాకాహారులకు ఆకలి బాధ లేదు గానీ కారం, పులుపు ఆశించకూడదు. గట్టిగా మూసిన కందిపొడి డబ్బా మా అమ్మాయికి ఆసరా అయింది. ఓడలో డాక్టరు ఉంటారు. మొదటి వారం వాంతులు, తలతిప్పు చాలామందికి వస్తాయి, తగ్గుతాయి. నడిసముద్రంలో రోజూ వీడియో కాల్ వస్తుందని ఎదురుచూసే తల్లిదండ్రులు తమ మనసును ముందే సిద్ధం చేసుకోవాలి. రేవులో ఇచ్చిన గడువులోగా ఓడకు తిరిగి రాకపోతే, తర్వాతి రేవులో దిగే సమయంలో కోత పడుతుంది. ఈ కట్టుదిట్టం నాకు నచ్చింది.

సాంఘిక శాస్త్రాలు, వాణిజ్యం, చరిత్ర, పర్యావరణం చదివే పిల్లలకు దీనిని మనస్ఫూర్తిగా సిఫారసు చేస్తాను. ప్రయోగశాల తప్పనిసరైన ఇంజనీరింగ్, సైన్సు విద్యార్థులు తమ కోర్సుల వరుస దెబ్బతినదని నిర్ధారించుకున్నాకే అడుగు వేయాలి. విజయవాడ, గుంటూరు కళాశాలల్లో చదివేవారు అయితే, ఈ క్రెడిట్లను తమ డిగ్రీలో కలుపుతామని విశ్వవిద్యాలయం నుంచి రాతపూర్వకంగా తీసుకోకుండా ఒక్క రూపాయి కూడా కట్టవద్దు. నోటిమాట చాలదు, ప్రిన్సిపాల్ గారి మాటా చాలదు, పరీక్షల విభాగం సంతకం ఉండాలి. ఆర్థిక సహాయం రాని పక్షంలో పొలం తాకట్టు పెట్టి పంపవలసినంత అవసరమైన చదువు ఇది కాదు. చేతిలో డబ్బు ఉండి, పిల్లకు చదివే ఓపిక ఉంటే మాత్రం, ముందు ఆ సంతకం, తర్వాత ఆర్థిక సహాయం దరఖాస్తు, ఆ తర్వాత వీసాల క్యాలెండరు, చివరగా ఫీజు. ఈ వరుస తప్పకుండా పని మొదలుపెట్టండి.