అపార్ట్‌మెంట్‌లో సీసీ కెమెరాలు: నాలుగేళ్ల వాడకం తర్వాత

మాది హనుమకొండ, నయీంనగర్ వైపు 20 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. 2021 దసరా ముందు ఫ్లాటుకు 1,900 చొప్పున 38 వేలు పోగుచేసి 8 కెమెరాలు, వాటి దృశ్యాలు రికార్డు చేసే డీవీఆర్ పెట్టె, 1 టీబీ హార్డ్ డిస్క్ పెట్టించాం. పగలు బొమ్మ బాగుంటుంది. మొదటి నెలంతా అందరం ఫోన్లలో అదే చూసుకుంటూ కూర్చున్నాం, ఆ తర్వాత పట్టించుకున్నవాళ్లు లేరు.

వాటి సంగతి రాత్రిపూట తెలుస్తుంది. గేటు కెమెరాకు సాలెగూడు పట్టిందంటే చీకట్లో చూడ్డానికి అది వేసే ఇన్‌ఫ్రారెడ్ వెలుగంతా ఆ గూటి మీదే పడి తెర తెల్లబడుతుంది. హెడ్‌లైటు ఎదురుపడితే నంబర్ ప్లేటు చదవలేం. సెల్లార్లో ఒకరి బైకు పోయినప్పుడు దొంగ టోపీ, నడక, చెప్పులు కూడా కనబడ్డాయి, మొహం తప్ప. పైగా డీవీఆర్ గడియారం గంటకు పైగా వెనకపడి ఉందని తెలియక రాత్రంతా వేరే టైములో వెతికాం.

డీవీఆర్‌ను సెల్లార్లో వాచ్‌మన్ గదిలో పెట్టించిన తెలివి మాదే. 2023 జులై వానలకు నాలా పొంగి నీళ్లొచ్చి అది మునిగింది. కొత్తదాన్ని మొదటి అంతస్తులో పెట్టి చిన్న యూపీఎస్ తగిలించాం, కరెంటు పోయిన చీకట్లోనే కదా వాటితో అసలు పని. రికార్డింగు మాత్రం 12 రోజులే ఉంటుంది, తర్వాత పాతదాని మీద కొత్తది ఎక్కేస్తుంది. నెలరోజులు ఊరెళ్లి వచ్చి చూస్తామంటే ఏమీ ఉండదు. కొనేవాళ్లు డిస్క్ పెద్దదే తీసుకోండి.

2024 ఫిబ్రవరిలో మేడారం జాతరకు పోయి సగం ఇళ్లకు తాళాలు. రెండో అంతస్తులో ఒక్కతే ఉండే పెద్దమ్మ అడిగింది: "బిడ్డా, అది చూస్తది సరే, నేను పిలిస్తే పలుకుతదా?" ఎవరి దగ్గరా జవాబు లేదు. జాతర అయ్యాక ఇంటింటికీ ఇంటర్‌కమ్ పెట్టించి, మెట్లకు అంతస్తుకో ఎల్‌ఈడీ బల్బు వేయించాం. ఇప్పుడామె రాత్రి పదింటికి వాచ్‌మన్‌కు చేసి "గేటు ఏసినవా" అని అడగనిదే పడుకోదు. అతనికి విసుగే, కానీ ఆ ఒక్క ఫోనుతో గేటు రోజూ టైముకు పడుతోంది.

కెమెరాలకు అయిదుకు మూడు, ఇంటర్‌కమ్‌కు అయిదుకు అయిదు. పాస్‌వర్డు మాత్రం ఇప్పటికీ బిగించినతను పెట్టిందే. ఖాళీ చేసి పోయిన అద్దెవాళ్ల ఫోన్లలో మా గేటు ఇంకా కనబడుతూనే ఉంటుందేమో, ఆదివారం మీటింగులో ముందు అది మార్పించాలి.