సిగరెట్టు మానిన తొలి వారాల బాధ: ఏ పద్ధతి మేలు?

సిగరెట్టు మానేస్తానని గట్టిగా అనుకున్న మనిషి మళ్లీ పాన్ డబ్బా ముందు నిలబడితే, పట్టుదల లేదని ఇంట్లోవాళ్లు నిందిస్తారు. చాలా సందర్భాలలో అతన్ని అక్కడికి నడిపించేది రెండో రోజో మూడో రోజో ముదిరిన చిరాకు, తల బరువు, నిద్ర పట్టకపోవడం, కారణం లేని దిగులు. రక్తంలో నికోటిన్ సుమారు 2 గంటలకే సగానికి పడిపోతుంది. అందువల్ల చివరి సిగరెట్టు ఆర్పిన 4 నుంచి 24 గంటల లోపే ఈ లక్షణాలు మొదలై, 2, 3 రోజులలో తారస్థాయికి చేరి, చాలామందిలో 2 నుంచి 4 వారాలకు సద్దుమణుగుతాయి. మలబద్ధకం, నోటిపూత, దగ్గు కూడా కొందరిని వేధిస్తాయి. అతి ఆకలి మాత్రం ఇంకా కొన్ని వారాలు పట్టి ఉంటుంది.

హైదరాబాదులో ఈ బాధకు రెండు మూలాలు ఉన్నాయి. ఒకటి ఒంట్లోని నికోటిన్ కొరత. రెండోది ఇరానీ హోటలు, మాదాపూర్ ఆఫీసుల పక్కన ఉండే చాయ్ బండి, దాని చుట్టూ చేరే మిత్రబృందం. ఏ పద్ధతి మేలో తేల్చాలంటే అది ఈ రెండింటిలో దేనికి పనికొస్తుందో విడివిడిగా చూడాలని నా అభిప్రాయం. నికోటిన్ గమ్ము నమలగానే మనసు కుదుటపడలేదని దాన్ని పారేసేవారూ, చాయ్ బండి దారి మార్చుకున్నా చేతులు వణకడం ఆగలేదని నిరాశపడేవారూ ఈ తేడాను గమనించకపోవడం వల్లనే దెబ్బతింటారు.

మొదటి సందేహం కొంచెం కొంచెంగా తగ్గించాలా, ఒక్కసారిగా ఆపాలా అన్నది. పది నుంచి ఏడుకు, ఏడు నుంచి నాలుగుకు దిగడం సౌమ్యమైన దారిలా కనిపిస్తుంది. కానీ సంఖ్య తగ్గించినవారు తమకు తెలియకుండానే ప్రతి దమ్మునూ మరింత లోతుగా లాగి లోటు పూడ్చుకుంటారు. పైగా మిగిలిన నాలుగింటి మీద మోజు రోజురోజుకూ పెరుగుతుంది. విడి సిగరెట్లు దొరికే మన ఊళ్లో ‘ఇవాళ్టికి ఇంకొక్కటి’ అని సర్దిచెప్పుకోవడం ఎంత సులభమో చెప్పనక్కరలేదు. ఇంగ్లండులో సుమారు 700 మందిపై జరిపి 2016లో ప్రచురించిన పరిశీలనలో, నిర్ణయించుకున్న రోజున ఒక్కసారిగా ఆపినవారిలో 49 శాతం మంది నాలుగు వారాల తర్వాత కూడా మానివేసే ఉండగా, రెండు వారాల పాటు తగ్గించి ఆపినవారిలో 39 శాతం మందే నిలిచారు. ఆరు నెలలకు ఆ సంఖ్యలు 22, 15.5 శాతానికి దిగాయి. రెండు వర్గాలవారికీ నికోటిన్ ప్యాచ్ (చర్మానికి అంటించే పట్టీ) వంటి ఆసరా, సలహాదారు తోడు ఇచ్చారన్న సంగతిని ఇక్కడ మరచిపోకూడదు. తేదీ పెట్టుకుని ఒక్కసారిగా ఆపడమే మేలని నేను అంటాను. అయితే ఆపడం ఒక్కసారిగా జరగాలి కాని, ఏ ఆసరా లేకుండా జరగాలని దాని అర్థం కాదు.

ఏ సాయమూ లేకుండా మానినవారిలో ఆరు నెలలు, ఏడాది గడిచేసరికి నిలిచేవారు నూటికి ముగ్గురు నుంచి ఐదుగురు మాత్రమేనని అధ్యయనాలు చెబుతున్నాయి. గమ్ము, ప్యాచ్, లాజెంజ్ (చప్పరించే బిళ్ల) వంటి నికోటిన్ ప్రత్యామ్నాయాలు ఈ అవకాశాన్ని రమారమి ఒకటిన్నర రెట్లు చేస్తాయి. ఒకటిన్నర రెట్లన్నా అది చిన్న సంఖ్య మీదనే కాబట్టి, గమ్ము కొనుక్కుంటే పని అయిపోయినట్టేనని ఎవరూ అనుకోకూడదు. నిద్ర లేచిన అరగంటలోపే తొలి సిగరెట్టు వెలిగించేవారికి ఈ ఆసరా అవసరం ఎక్కువ. వారికి సాధారణంగా 4 మిల్లీగ్రాముల గమ్ము, తక్కినవారికి 2 మిల్లీగ్రాములది సూచిస్తారు. భోజనం తర్వాత ఒకటీ రెండూ కాల్చేవారు మాత్రం దీని జోలికి పోకుండానే బయటపడవచ్చు.

గమ్ము పనిచేయలేదని చెప్పేవారిలో చాలామంది దాన్ని చూయింగ్ గమ్ములా నమిలేసి ఉంటారు. నోట్లో వేసుకుని నెమ్మదిగా కొన్నిసార్లు నమిలి, మిరియపు ఘాటు వంటిది తగలగానే నమలడం ఆపి, దాన్ని బుగ్గకూ చిగురుకూ మధ్య ఉంచాలి. ఘాటు తగ్గాక మళ్లీ నమిలి, చోటు మార్చి ఉంచాలి. ఇలా సుమారు అరగంట సాగాలి. నికోటిన్ ఒంటబట్టేది నోటి లోపలి పొర గుండానే కాబట్టి, గబగబా నమిలి మింగితే ఎక్కిళ్లు, గుండెలో మంట తప్ప దక్కేదేమీ ఉండదు. నోటిలో ఆమ్ల గుణం ఉంటే నికోటిన్ సరిగా పీల్చుకోబడదు. అందువల్ల గమ్ముకు 15 నిమిషాల ముందు నుంచి, అది నోట్లో ఉన్నంతసేపూ చాయ్, కాఫీ, సోడాలు తాగకూడదు. చాయ్ బండి దగ్గరే నిలబడి, ఒక చేత్తో కప్పు పట్టుకుని గమ్ము నమిలేవారికి ఫలితం ఎందుకు రాదో దీన్నిబట్టి తెలుస్తుంది.

ప్యాచ్ ఇందుకు భిన్నం. పొద్దున్న తడి, జిడ్డు, వెంట్రుకలు లేని చోట అంటిస్తే రోజంతా నిలకడగా కొద్దికొద్దిగా నికోటిన్ అందుతుంది. రోజుకు పది కంటే ఎక్కువ కాల్చేవారు 21 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, ఆరు వారాల తర్వాత 14కు, ఆపై 7కు దిగడం వాడుకలో ఉన్న క్రమం. రాత్రి చెడ్డ కలలు వస్తే పడుకునే ముందు తీసేయవచ్చు. మన ఎండాకాలపు చెమటకు అది ఊడిపోవడం, చర్మం దురద పెట్టడం మామూలే కనుక రోజూ చోటు మార్చాలి. దీని లోపం ఒక్కటే: హఠాత్తుగా వచ్చే కోరికకు ఇది చాలదు. అందుకే రోజంతటికీ ప్యాచ్, ఆ క్షణానికి గమ్ము అన్న జోడీ, రెండింటిలో ఏ ఒక్కదానికన్నా బాగా పనిచేస్తుంది. ఖర్చు భరించగలిగినవారికి నా మొగ్గు దీనికే. ‘అదీ నికోటినే కదా, ఇంక మానినట్టేమిటి’ అనే ప్రశ్న వస్తుంది. క్యాన్సరుకు ప్రధాన కారణం పొగలోని తారు, తదితర రసాయనాలు. నికోటిన్ వ్యసనాన్ని అంటగట్టేదే అయినా, పొగ లేకుండా కొన్ని వారాలు తగ్గించుకుంటూ తీసుకోవడంలో ప్రమాదం చాలా తక్కువ. గర్భిణులు, ఈ మధ్యనే గుండెపోటు వచ్చినవారు మాత్రం డాక్టరును అడిగే వాడాలి.

వారెనిక్లిన్, బుప్రోపియాన్ అనే మాత్రలు డాక్టరు చీటీ మీదనే వాడదగినవి. మొదటిది గమ్ము ఒక్కటే వాడినదానికన్నా ఎక్కువ ఫలితమిస్తుంది. దాన్ని మానదలచిన తేదీకి వారం ముందే మొదలుపెట్టి, సాధారణంగా 12 వారాలు వాడతారు. వికారం రావడం తరచుగా కనిపిస్తుంది. మానసికంగా హాని చేస్తుందన్న భయం ఒకప్పుడు బాగా ఉండేది. ఎనిమిది వేల మందికి పైగా పాల్గొన్న 2016 నాటి పరీక్షలో ఆ భయానికి తగిన ఆధారం దొరకలేదు. మూర్ఛ వ్యాధి ఉన్నవారికి బుప్రోపియాన్ పనికిరాదు.

ఇక రెండో మూలం. మానినవారు చాయ్‌ని కొనసాగించాలా, తాత్కాలికంగా తగ్గించాలా? అలవాటు ముడిపడి ఉందన్న కారణంతోనే చాలామంది తగ్గించమంటారు. ఇందులో శరీరధర్మం కూడా ఉంది. పొగలోని రసాయనాలు కాలేయంలో, చాయ్‌లో ఉండే కెఫీన్‌ను విరిచే ఎంజైమును ఉద్రేకపరుస్తాయి. పొగ ఆగిన కొద్ది రోజులకే ఆ వేగం తగ్గి, అన్నే కప్పులు తాగినా కెఫీన్ రక్తంలో దాదాపు రెట్టింపు నిలుస్తుంది. గుండె దడ, కంగారు, నిద్రలేమి దీనివల్ల కూడా పెరుగుతుండగా, మనిషి వాటన్నింటినీ సిగరెట్టు లేనందువల్లనే అనుకుంటాడు. చాయ్‌ని పూర్తిగా వదలనక్కరలేదు. సగానికి తగ్గించి, సాయంత్రం తర్వాత మానితే చాలు. ఉబ్బసానికి థియోఫిలిన్ వాడేవారిలో కూడా ఇదే ఎంజైము కారణంగా మందు మోతాదు ఎక్కువైపోవచ్చు కనుక, మానిన సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.

కోరిక ఒక్కో విడత కొద్ది నిమిషాలకు మించి గట్టిగా ఉండదు. దాన్ని కూర్చుని ఓర్చుకోవడం కన్నా లేచి నడవడం మేలు, ఎందుకంటే వేగంగా పది నిమిషాలు నడిచినా కోరిక తగ్గుతుందని పరీక్షలలో తేలింది. ఇందిరా పార్కు దాకా వెళ్లనక్కరలేదు, ఆఫీసు మెట్లు చాలు. నోటికి పని కావాలనుకునేవారికి సోంపు, లవంగం, కీర ముక్కలు బాగానే ఉంటాయి. వాటి బదులు గుట్కాకో జర్దాకో మళ్లడం నికోటిన్‌ను మరో దారిన తెచ్చుకుని నోటి క్యాన్సరును పిలవడమే. హుక్కా కూడా పొగే. ఇ-సిగరెట్ల అమ్మకం దేశంలో 2019 నుంచి నిషిద్ధం కనుక వాటిని ఇక్కడ తూకం వేయడం లేదు.

చిరాకును ఒంటరిగా మింగడమా, నలుగురికీ చెప్పడమా అన్నచోట నేను చెప్పడం వైపే. ‘రెండు వారాలు నా మాటలు పట్టించుకోకండి’ అని ఇంట్లో ముందే చెప్పినవారికి గొడవలు తగ్గుతాయి, గొడవ తర్వాత వెలిగించే సిగరెట్టూ తప్పుతుంది. ఇంట్లో చెప్పుకోలేనివారికి సిగరెట్టు పెట్టెల మీద 2018 నుంచి అచ్చవుతున్న 1800-11-2356 అనే ఉచిత నంబరు ఉంది. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ కేంద్రం ద్వారా ఈ సేవ తెలుగులో కూడా అందుతుంది. ఫోనుకూ ఆస్పత్రికీ మధ్య తేల్చుకోవలసి వస్తే, మామూలు దిగులుకు ఫోను చాలు. లోగడ డిప్రెషన్‌కు చికిత్స పొందినవారు, దిగులు రెండు వారాలు దాటినా తగ్గనివారు, చచ్చిపోవాలన్న ఆలోచన వచ్చినవారు ఆలస్యం చేయకుండా మానసిక వైద్యుణ్ణి కలవాలి.

మధ్యలో ఒక పెళ్లిలోనో, మిత్రుల బలవంతానికో ఒక సిగరెట్టు కాల్చినవారు ‘అంతా పోయింది’ అనుకుని ప్యాచ్ పీకి పారేస్తుంటారు. ఒక తప్పటడుగుకు ప్యాచ్ తీయనక్కరలేదు. దాన్ని అలాగే ఉంచి, ఆ రోజు మిగతా భాగం నుంచే మళ్లీ మానవచ్చు. కొత్త తేదీ కోసం వచ్చే నెల దాకా ఆగడం కన్నా ఈ పద్ధతిలోనే నిలదొక్కుకునే అవకాశం ఎక్కువ.