పదకొండేళ్లుగా నా చేతిలో ఉన్న గేమ్ బాయ్

నా దగ్గరున్నది మొట్టమొదటి గేమ్ బాయ్. బూడిదరంగు డబ్బా, మెరూన్ రంగు గుండ్రటి బటన్లు రెండు, వెనక లేబుల్ మీద డీఎంజీ-01 అన్న మోడల్ నంబరు. చేత్తో పట్టుకుని ఆడే ఈ వీడియో గేమ్ యంత్రాన్ని నింటెండో కంపెనీ 1989 ఏప్రిల్ 21న జపాన్‌లో విడుదల చేసింది. నా చేతికి వచ్చేసరికే బాగా పాతబడిన వస్తువు. ఆ తర్వాత 11 ఏళ్లుగా వాడుతూనే ఉన్నాను. ఇన్నేళ్లలో నా అభిప్రాయం పూర్తిగా మారింది ఒక్క విషయంలోనే, దాని తెర విషయంలో. మొదట్లో ఆ తెరనే తిట్టుకున్నాను. ఇప్పుడు ఎవరు చెప్పినా దాన్ని మార్చను.

ముందు ఆన్ చేయడం గురించి చెప్పాలి, ఎందుకంటే ఈ యంత్రం మీద నాకు ప్రేమ పుట్టింది అక్కడే. పైన ఎడమవైపు ఉన్న స్విచ్ జరపగానే తెర పైఅంచు నుంచి కంపెనీ పేరు నెమ్మదిగా కిందికి దిగుతుంది. మధ్యకు వచ్చి ఆగగానే ‘టి-డింగ్’ అని చిన్న శబ్దం. ఒకరోజు ఆ పేరు బదులు నల్లటి దిమ్మె ఒకటి దిగింది. శబ్దం మామూలుగానే వచ్చింది, గేమ్ మాత్రం మొదలవలేదు. కన్సోల్ పోయిందనుకుని టెన్షన్ పడ్డాను. కాస్త పరీక్షగా చూస్తే, ఆ నల్లటి దిమ్మె పక్కన సున్నాలో ఉండే చిన్న ‘ఆర్’ గుర్తు మాత్రం చెక్కుచెదరకుండా ఉంది. పేరంతా చెరిగిపోయి ఈ ఒక్క గుర్తు ఎలా మిగిలింది?

దాని వెనక ఉన్న సంగతి తెలిశాక నాకు భలే సంతోషమేసింది. ఆ పేరు బొమ్మ 48 బైట్లు. అది ప్రతి కార్ట్రిడ్జ్‌లోనూ, అంటే వెనక దోపే గేమ్ బిళ్లలోనూ, ఉంటుంది. కన్సోల్ లోపల ఉన్న 256 బైట్ల చిన్న ప్రోగ్రామ్ దాన్ని కార్ట్రిడ్జ్ నుంచి చదివి తెర మీద గీస్తుంది. తర్వాత తన దగ్గరున్న నకలుతో పోల్చి చూస్తుంది. రెండూ సరిపోతేనే గేమ్ మొదలవుతుంది, లేదంటే అక్కడే ఆగిపోతుంది. కార్ట్రిడ్జ్ పిన్నులు మురికి పట్టి అసలేమీ చదవలేకపోతే బొమ్మలోని చుక్కలన్నీ నలుపుగా వస్తాయి. ‘ఆర్’ గుర్తు మాత్రం కన్సోల్‌లోనే ఉంది కాబట్టి అది ఎప్పుడూ శుభ్రంగానే కనిపిస్తుంది. అంటే ఆ రోజు తెర నాకు చెప్పింది ఇదీ: కన్సోల్ బాగానే ఉంది, పిన్నులు తుడువు. ఇయర్ బడ్‌కి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది పిన్నుల మీద నాలుగుసార్లు రాస్తే దూది నల్లగా వచ్చింది. ఆరాక పెట్టి చూస్తే పేరు స్పష్టంగా దిగింది. నోటితో ఊదడం మాత్రం వద్దు. ఊపిరిలోని తేమ ఆ పిన్నులకు మంచిది కాదు.

ఇక తెర. 160 నిలువు వరుసలు, 144 అడ్డు వరుసలు, నాలుగే ఛాయలు. పచ్చటి నేపథ్యం మీద ముదురు చుక్కలు. దీనికి సొంత వెలుగు లేదు, బయటి వెలుగు వెనక్కి కొడితేనే బొమ్మ కనిపిస్తుంది. మొదటి ఏడాదంతా దీపం కింద డబ్బాను అటూ ఇటూ వంచుతూ, ఎడమ పక్కనున్న కాంట్రాస్ట్ చక్రం తిప్పుతూ విసిగిపోయాను. పైగా కదిలే బొమ్మ వెనక మసక తోకలా మిగిలిపోతుంది. వేగంగా పక్కకు జరిగే గేముల్లో నేల, ఆకాశం అలుక్కుపోతాయి. ఇది నిజమైన లోపమే, నేను కాదనను.

కానీ ఒక మధ్యాహ్నం కిటికీ పక్కన కూర్చుని ఆడుతుంటే ఎండ నేరుగా తెర మీద పడింది. ఫోన్ తెర అయితే ఆ ఎండకు ఏమీ కనపడదు. ఇది మాత్రం ఎండ పడేకొద్దీ తేటపడింది. ఇంకా దగ్గరగా చూస్తే ప్రతి చుక్క కిందా, వెనకనున్న పొర మీద, దాని నీడ పడుతోంది. పైనుంచి పడే పలకలను పేర్చే ఆట టెట్రిస్‌లో ఆ పలకలు నిజంగా కాగితం మీద తేలుతున్నట్టు కనిపించాయి. ఆ లోతు వెనక నుంచి దీపం వెలిగే ఏ తెరలోనూ నాకు దొరకలేదు.

ఆ తోకలా మిగిలే మసకను కూడా కొన్ని గేములు తెలివిగా వాడుకున్నాయి. నీడో పొగో చూపించాలంటే బొమ్మను ఒక ఫ్రేములో పెట్టి, తర్వాతి ఫ్రేములో తీసేస్తారు. ఈ నిదానపు తెర మీద ఆ రెండూ కలిసిపోయి సగం పారదర్శకంగా కనిపిస్తాయి. అదే గేమ్‌ను ఈనాటి మంచి తెర మీద ఎమ్యులేటర్‌లో, అంటే గేమ్ బాయ్‌ను అనుకరించే సాఫ్ట్‌వేర్‌లో, ఆడితే ఆ నీడ దడదడా మిణుకుతుంది.

వెలుగు ఎందుకు పెట్టలేదు అన్నదానికి జవాబు బ్యాటరీలే. నాలుగు ఏఏ బ్యాటరీలతో ఇది దాదాపు 15 గంటలు నడుస్తుంది. దీనికి పోటీగా వచ్చిన అటారీ లింక్స్, సెగా గేమ్ గేర్ రెండింటికీ వెనక దీపమున్న రంగుల తెర ఉండేది. కానీ ఆరేసి బ్యాటరీలు వేసినా ఐదు గంటలు నడవడం కష్టం. గేమ్ బాయ్‌ను తయారుచేసిన బృందానికి పెద్ద గున్‌పే యొకోయ్. ఆయన పద్ధతి ఒకటుంది: అందరికీ బాగా తెలిసిపోయిన, చవకబడిన, లోటుపాట్లు తేలిపోయిన సాంకేతికతను తీసుకుని దాన్ని కొత్త రకంగా వాడాలి. వడ్రంగి పని తెలిసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. పచ్చి కలపతో తలుపు చేస్తే వంకర పోతుంది, బాగా ఆరిన కలపతో చేస్తే ఏళ్ల తరబడి నిలుస్తుంది. గేమ్ బాయ్ ఆరిన కలపతో చేసిన వస్తువు. లోపల 4.19 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 8 కిలోబైట్ల మెమరీ, బొమ్మలకు మరో 8 కిలోబైట్లు. 1989 నాటికే ఇవి గొప్ప అంకెలు కావు. అయినా దీన్నీ, దీని తర్వాత వచ్చిన గేమ్ బాయ్ కలర్‌నూ కలిపి జనం 11.8 కోట్లకు పైగా కొన్నారు.

గట్టితనం సంగతి నేను పరీక్షించి చెప్పనక్కర్లేదు. గల్ఫ్ యుద్ధంలో బాంబుదాడికి కాలి, ముందుభాగం కరిగిపోయిన గేమ్ బాయ్ ఒకటి టెట్రిస్ ఆడుతూనే న్యూయార్క్‌లోని నింటెండో స్టోర్‌లో ఏళ్లపాటు ప్రదర్శనలో ఉంది.

అయితే 30 ఏళ్లు దాటిన వస్తువుకు వయసు తెచ్చే జబ్బులు తప్పవు. నాలుగో ఏడాది తెర మీద నిలువు గీతలు మాయమవడం మొదలైంది. ముందు ఒకటి, నెల తిరిగేసరికి ఆరు. గాజు కింది అంచును బోర్డుకు కలిపే పల్చటి రిబ్బన్ ఉంటుంది. వేడితో అతికించిన ఆ జిగురు కాలం గడిచేకొద్దీ పట్టు వదులుతుంది, అంతే. సోల్డరింగ్ ఐరన్‌తో వేడి చేస్తే మళ్లీ పడుతుందని తెలుసుకున్నాను. కానీ చేతులు వణుకుతాయేమోనని రెండు వారాలు వాయిదా వేశాను.

చివరికి కూర్చున్నాను. వెనక స్క్రూలకు మూడు రెక్కల తల ఉంటుంది, మామూలు స్క్రూడ్రైవర్ పట్టదు. అన్నీ తీశాక డబ్బా రెండు ముక్కలుగా తెరుచుకుంటుంది. తొందరపడి లాగకూడదు, రెండు బోర్డులనూ కలుపుతూ ఒక కేబుల్ ఉంటుంది. తెర ఉన్న బోర్డును విప్పి, గాజు కింద ఉన్న రబ్బరు పట్టీని పక్కకు జరిపి, మళ్లీ కేబుల్ పెట్టి ఆన్ చేశాను. ఆన్‌లో ఉంచే ఈ పని చేయాలి, లేకపోతే గీత వచ్చిందో లేదో తెలియదు. రిబ్బన్ మీద వేడిని తట్టుకునే టేపు అతికించి, ఐరన్ వేడి బాగా తగ్గించి, మొనను ఆనీ ఆనకుండా ఎడమ నుంచి కుడికి నడిపాను. మూడో గీత ఉన్నచోటికి రాగానే అది టక్కున నల్లబడింది. వెనకే నాలుగోది, ఐదోది. చివరి గీత రెండుసార్లు వచ్చి పోయి, మూడోసారికి నిలబడింది. ఒక్కచోటే ఆపి ఉంచితే రిబ్బన్ కాలిపోతుంది కాబట్టి చెయ్యి కదులుతూనే ఉండాలి. మొత్తం పది నిమిషాల పని. ఏడేళ్లలో ఒక్కసారే మళ్లీ చేయాల్సి వచ్చింది. అడ్డు గీతలు పోతే మాత్రం ఇంత సులువు కాదు, ఆ అతుకు గాజు పక్కన ఉంటుంది. అలాంటి పీసు కొనకపోవడమే మంచిది.

రెండో దెబ్బ బ్యాటరీలది. ఊరెళుతూ లోపల బ్యాటరీలు వదిలేశాను. మూడు నెలల తర్వాత మూత తీస్తే స్ప్రింగుల మీద తెల్లటి పొడి, అంచుల్లో పచ్చటి పూత. ఆల్కలైన్ బ్యాటరీ కారితే వచ్చేది క్షారం. దానికి విరుగుడు ఆమ్లం, ఇంట్లో ఉండే వెనిగర్ సరిపోతుంది. బడ్‌తో వెనిగర్ అద్దగానే సన్నగా నురగ వచ్చింది. నురగ ఆగేదాకా రాసి, తర్వాత ఆల్కహాల్‌తో తుడిచి ఆరబెట్టాను. స్ప్రింగు మెరుపు పోయింది కానీ కరెంటు బాగానే పారుతోంది. అప్పటి నుంచి రీఛార్జ్ అయ్యే నికెల్ బ్యాటరీలే వాడుతున్నాను. ఒక్కోటి 1.2 వోల్టులే అయినా ఇబ్బంది లేదు, లోపలున్న చిన్న పవర్ బోర్డు దాన్ని సర్దుకుంటుంది. తెర పక్కనున్న ఎర్ర దీపం పల్చబడితే సేవ్ చేసుకోవాల్సిన సమయం వచ్చిందన్నమాట.

సేవ్ అంటే గుర్తొచ్చింది. ఆ రోజుల్లో చాలా గేముల సేవ్ ఉండేది కార్ట్రిడ్జ్‌లోని మెమరీలో. దాన్ని బతికించేది ఒక చిన్న బిళ్ల బ్యాటరీ. అది అయిపోతే సేవ్ పోతుంది. 1999లో వచ్చిన పోకెమాన్ గోల్డ్‌లో అదే బ్యాటరీ గడియారాన్నీ నడపాలి కాబట్టి ఇంకా తొందరగా అయిపోతుంది. నా గోల్డ్‌లో బ్యాటరీ మార్చేటప్పుడు సేవ్‌ను ముందే కాపీ చేసుకోవాలని నాకు తెలియదు. పాతది ఊడదీసిన క్షణంలో రెండేళ్ల ఆట పోయింది. ఆ బాధ ఇప్పటికీ ఉంది. తర్వాత కార్ట్రిడ్జ్ రీడర్ కొన్నాను. ఇప్పుడు ఏ కార్ట్రిడ్జ్ విప్పినా ముందు సేవ్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కిస్తాను. బ్యాటరీ కూడా రేకులు అతికించి వచ్చేదే కొనండి, బిళ్ల మీద నేరుగా సోల్డర్ పెడితే వేడికి పగిలిపోయే ప్రమాదముంది.

శబ్దం గురించి ఎవరూ పెద్దగా రాయరు, నాకు మాత్రం ఇది గేమ్ బాయ్‌లో రెండో గొప్ప విషయం. నాలుగు గొంతులు: రెండు చదరపు అలలవి, ఒకటి మనం గీసిన ఆకారంలో పలికే అల, ఒకటి డప్పులా, వానలా వినిపించే గరగర. డబ్బాలోని చిన్న స్పీకర్‌లో ఇవన్నీ ఒక్కచోటి నుంచే సన్నగా వినిపిస్తాయి. హెడ్‌ఫోన్ పెట్టగానే కథ మారిపోతుంది. ఒక గొంతు ఎడమ చెవిలో, ఒకటి కుడి చెవిలో, కింద బేస్ దట్టంగా. ఎల్‌ఎస్‌డీజే అనే సంగీతం కట్టే ప్రోగ్రామ్ ఉన్న కార్ట్రిడ్జ్ పెడితే గేమ్ బాయే వాయిద్యమవుతుంది. చిప్‌ట్యూన్, అంటే ఇలాంటి పాత గేమ్ యంత్రాల శబ్దాలతో సంగీతం, చేసేవాళ్లలో చాలామంది ఈ పాత డీఎంజీనే వెతుక్కుంటారు, ఆ బేస్ కోసం. నేను నాలుగైదు చిన్న ట్యూన్లు కట్టాను. నాలుగే గొంతులుండటం వల్ల ప్రతి స్వరం గురించీ ఆలోచించాల్సి వస్తుంది.

బటన్ల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, అవి బాగుంటాయి. కింద రబ్బరు పొర ఉంటుంది. మొద్దుబారితే విప్పి తుడిస్తే చాలు.

తెర మార్చమని నాకు చాలామంది చెప్పారు. ఇప్పుడు వెనక దీపమున్న ఐపీఎస్ రకం తెరలు కిట్లుగా దొరుకుతున్నాయి. రాత్రిపూట కూడా పగటిలా కనిపిస్తుంది, తోక ఉండదు. ఒక స్నేహితుడి దాంట్లో నేనే బిగించాను, చూడటానికి అద్భుతంగా ఉంది. రాత్రిళ్లు ఆడేవాళ్లకు, వేగంగా కదిలే గేములు ఇష్టపడేవాళ్లకు అదే సరైనది. కానీ ఆయన బ్యాటరీలు నాకంటే చాలా ముందే అయిపోతాయి. ఆ నీడలు పడే చుక్కలూ లేవు. ఈ యంత్రంలోని ప్రతి నిర్ణయమూ ఆ వెలుగులేని తెర చుట్టూ తీసుకున్నదే. దాన్ని తీసేశాక మిగిలేది మంచి కన్సోలే, కాకపోతే నాకు కావలసింది అది కాదు. నాది అసలు తెరతోనే ఉంటుంది. పైనున్న గీతలు పడ్డ ప్లాస్టిక్ అద్దాన్ని మాత్రం తీసేసి గాజుది వేశాను.

మీరు ఒకటి కొనాలనుకుంటే బ్యాటరీల మూత తీసి స్ప్రింగులు చూడండి. ఆన్ చేసి కాంట్రాస్ట్ చక్రాన్ని పూర్తిగా తిప్పండి. తెరంతా ముదురుగా అయినప్పుడు ఏ గీత రావడం లేదో ఇట్టే తెలుస్తుంది. స్విచ్‌ను కాస్త కదిపి చూడండి. కదిపితే ఆగిపోతే భయపడక్కర్లేదు, కాంటాక్ట్ క్లీనర్‌తో సర్దుకుంటుంది. గేమ్ బాయ్ కలర్ కోసమే చేసిన కార్ట్రిడ్జ్‌లు దీంట్లో నడవవు. స్విచ్ జరిగినప్పుడు దాని కొక్కెం దూరే గాడి వాటి మూలన ఉండదు కాబట్టి పవర్ స్విచ్చే జరగదు. ఇద్దరు కలిసి ఆడే కేబుల్ కొనేటప్పుడు కూడా జాగ్రత్త, తర్వాత వచ్చిన చిన్న మోడల్ గేమ్ బాయ్ పాకెట్ నుంచి సాకెట్ చిన్నదైంది, అడాప్టర్ కావాలి. కార్ట్రిడ్జ్ కొంటే సేవ్ చేసి, ఆపి, మళ్లీ ఆన్ చేసి చూడండి. ఒక అమ్మకందారు నాకు అంటగట్టిన నకిలీ కార్ట్రిడ్జ్ ఈ పరీక్షలోనే దొరికిపోయింది. ఆడటం అయిపోయి పక్కన పెట్టేటప్పుడు, వారం రోజులకే అయినా సరే, బ్యాటరీలు తీసి పెట్టండి.