ఊపిరితిత్తుల వైద్యం బాగుంది, పేగుల విషయంలోనే ఆలస్యం జరిగింది: కోవిడ్ వార్డులో మా అనుభవం

2021 మే నెలలో, రెండో వేవ్ ఉద్ధృతంగా ఉన్నప్పుడు, మధుమేహం ఉన్న మా నాన్నగారిని హైదరాబాదులోని ఈ కార్పొరేట్ ఆసుపత్రి కోవిడ్ వార్డులో చేర్పించాము. న్యుమోనియాకు ఇక్కడ జరిగిన వైద్యానికి వంక పెట్టడానికి లేదు. ఊరంతా ఆక్సిజన్ కోసం పరుగులు తీస్తున్న సమయంలో ఇక్కడ ఒక్క పూట కూడా అది ఆగలేదు. స్టెరాయిడ్ వల్ల చక్కెర పెరిగినప్పుడల్లా ఇన్సులిన్ మోతాదు సరిచేశారు. ఆయనను బోర్లా పడుకోబెట్టడానికి సిస్టర్లు అర్ధరాత్రి సైతం విసుక్కోకుండా సాయపడ్డారు. ఆ సిస్టర్లకు మా కుటుంబం ఎప్పటికీ రుణపడి ఉంటుంది.

నా అభ్యంతరమంతా యాంటీబయాటిక్‌ల వాడకం గురించి, దాని వల్ల వచ్చిన పేగుల ఇన్ఫెక్షన్ గురించి. చేరిన రోజు నుంచే సెఫ్‌ట్రియాక్సోన్, అజిత్రోమైసిన్ మొదలుపెట్టి, జ్వరం తగ్గలేదని తరువాత పిపెరాసిలిన్-టాజోబాక్టమ్‌కు మార్చారు. బాక్టీరియా ఉన్నట్టు చూపే కల్చర్ రిపోర్టు కేస్ షీట్‌లో ఒక్కటీ లేదు. ఇది ఈ ఒక్క ఆసుపత్రి అలవాటు కాదని నాకు తెలుసు: ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో వెల్లడించిన లెక్కల ప్రకారం, ఆసుపత్రిలో చేరిన కోవిడ్ రోగుల్లో యాంటీబయాటిక్ అవసరమైన బాక్టీరియా ఇన్ఫెక్షన్ ఉన్నవారు 8 శాతమే అయినా, ఆ మందులు అందుకున్నవారు సుమారు 75 శాతం.

ఆక్సిజన్ అవసరం తగ్గి, ఇక ఇంటికి పంపుతారనుకుంటున్న సమయంలో నాన్నగారికి కడుపునొప్పితో నీళ్ళ విరేచనాలు పట్టుకున్నాయి. కోవిడ్‌లో ఇది మామూలేనని డ్యూటీ డాక్టరు ఫోనులో చెప్పి, లోపెరమైడ్ ఇప్పించారు. కోవిడ్ వల్ల విరేచనాలు అవుతాయన్న మాట నిజమే. కానీ యాంటీబయాటిక్‌లు పేగుల్లోని మేలుచేసే సూక్ష్మజీవులను తుడిచిపెట్టినప్పుడు క్లోస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే బాక్టీరియా విజృంభించి, అది విడుదల చేసే విషపదార్థాలతో పెద్దపేగు వాచిపోతుంది. అలాంటి మందులు వాడుతున్న పెద్దవయసు రోగికి 24 గంటల్లో మూడు సార్లో అంతకు మించో నీళ్ళ విరేచనాలు అయితే, ముందు దీన్ని అనుమానించి మల పరీక్ష చేయించాలి. కారణం తేలకుండా విరేచనాలను కట్టివేసే మాత్ర ఇవ్వడం నాకు ఇప్పటికీ మింగుడుపడని విషయం.

మేము పట్టుబట్టి అడిగాకే గ్యాస్ట్రోఎంటరాలజిస్టు (జీర్ణకోశ వ్యాధుల నిపుణుడు) వచ్చి చూశారు. అప్పటి నుంచి మాత్రం వైద్యం తీరే మారిపోయింది. ఆయన అదే పూట పరీక్షకు పంపించారు, మలంలో ఆ విషపదార్థం (టాక్సిన్) ఉన్నట్టు తేలగానే మిగతా యాంటీబయాటిక్‌లు ఆపించి, ఈ బాక్టీరియాపై పనిచేసే వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్‌ను నోటి ద్వారా 125 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు నాలుగు సార్లు, పది రోజులు రాశారు. ఈ మందును నరంలోకి ఎక్కిస్తే పేగు లోపలికి చేరదని, అందుకే ఇంజెక్షన్ సీసాలోని పొడినే నీళ్ళలో కలిపి తాగిస్తారని ఫార్మసిస్టు మాకు ఓపికగా వివరించారు. ఈ ఇద్దరి పనితీరుకు పూర్తి మార్కులు వేస్తాను.

పరిశుభ్రత విషయంలో మెచ్చుకోలేను. పీపీఈ కిట్‌తో నన్ను లోపలికి అనుమతించినప్పుడు చూశాను: ప్రతి మంచం దగ్గరా శానిటైజర్ సీసా ఉంది, చేతులు కడిగే సింకు దగ్గర సబ్బు లేదు. ఈ బాక్టీరియా ఏర్పరచే స్పోర్లు (గట్టి పొరతో ఉండే నిద్రాణ రూపాలు) ఆల్కహాలుకు చావవు. చేతులను సబ్బుతో, పారే నీటి కింద కడగాలి, మరుగుదొడ్డిని బ్లీచింగ్ ద్రావణంతో శుభ్రం చేయాలి. అక్కడ ఇన్ఫెక్షన్ తేలిన తరువాత కూడా నాన్నగారు మిగతా రోగులు వాడే మరుగుదొడ్డినే వాడారు, ఒక మంచం నుంచి మరో మంచానికి వెళ్ళేటప్పుడు గ్లవ్స్ మార్చడం కూడా అన్నిసార్లూ జరగలేదు. వైరస్ నుంచి సిబ్బందిని కాపాడుకోవడంపై పెట్టిన శ్రద్ధలో కొంతైనా, పక్క మంచం మీది రోగిని ఈ స్పోర్ల నుంచి కాపాడటంపై పెట్టి ఉండవలసింది.

డిశ్చార్జి సమ్మరీలో మొదట ఈ ఇన్ఫెక్షన్ మాటే లేదు. నయమైన వారిలో దాదాపు అయిదుగురిలో ఒకరికి ఇది తిరగబెట్టే అవకాశం ఉంది కాబట్టి, రేపు మరో డాక్టరు యాంటీబయాటిక్ రాసేముందు ఆయనకు ఈ సంగతి తెలియడం అవసరం. అడిగితే కాదనకుండా చేర్చి ఇచ్చారు. అయిదు నక్షత్రాలకు మూడు ఇస్తున్నాను. ఇక్కడ చేరేవారి బంధువులు రోజూ ఫోనులో ఆక్సిజన్ స్థాయితో పాటు, ఏ యాంటీబయాటిక్ ఎందుకు ఇస్తున్నారో, ఎప్పుడు ఆపుతారో కూడా అడిగి తెలుసుకోండి.