గడ్డి మిషన్‌కీ మినీ ట్రాక్టర్‌కీ చెవి ప్లగ్‌లు, మఫ్‌లు: ఉద్దానం ఉక్కలో చాన్నాళ్ళు వాడేక

ముందే చెప్పేస్తాను, చెవిలో దూర్చే ప్లగ్‌లైనా, చెవుల మీద బోర్లించే కప్పుల మఫ్‌లైనా, మోత ఇంత ఆపుతాది అని డబ్బా మీద వేసే పెద్ద నంబర్ చూసి కొనకండి. పని మొదలెట్టిన దగ్గర్నుంచి మిషన్ ఆపే వరకు మీరు దేన్ని తియ్యకుండా ఉంచుకోగలరో అదే మీకు మంచిది. మిగతాదంతా దాని తర్వాతే. మాది సోంపేట వైపు, కొబ్బరి, జీడి తోటలు, సొంత తోటలో తుప్పలు కొట్టుకోడమే కాదు సీజన్లో చుట్టుపక్కల తోటలకి కూడా భుజానికి తగిలించుకునే బ్రష్ కట్టర్, అదే గడ్డి మిషన్, పట్టుకెళ్తాను, దుక్కికి ఒక 24 హెచ్‌పీ మినీ ట్రాక్టర్ ఉంది. 2018 అక్టోబర్లో తిత్లీ తుఫాను వచ్చి చెట్లన్నీ పడగొట్టీసినప్పుడు రోజుల తరబడి చైన్‌సా నడిపేము కదా, సాయంత్రం ఇంటికొచ్చేసరికి చెవుల్లో గుయ్యిమని మోత, టీవీ సౌండు పెంచమని నేను, తగ్గించమని ఇంట్లో వాళ్ళు. చెవుల సంగతి పట్టించుకోడం అప్పట్నుంచే. ప్లగ్‌లు, మఫ్‌లు, హెల్మెట్ మఫ్ అన్నీ వాడేను.

మోత ఎంతో తెలియకుండా ఏది కొనాలో తేలదు. మిషన్‌తో వచ్చే బుక్కులో రాసుంటాది, మనం ఎవ్వరం చదవం గానీ. పెట్రోల్ బ్రష్ కట్టర్లకి చాలా వాటికి నడిపే మనిషి చెవి దగ్గర 95 నుంచి 100 డీబీ (డెసిబెల్, మోత కొలత) మధ్యలో ఉంటాది. మా మేనల్లుడి ఐఫోన్లో నయోష్ అని, పనిచేసేవాళ్ళ ఆరోగ్యం చూసే అమెరికా సంస్థ వాళ్ళ సౌండు మీటర్ యాప్ ఉంది, ఫ్రీయే, ఐఫోన్లకి మాత్రమే వస్తాది, దాంతో చూస్తే నా మిషన్ ఫుల్ రేస్‌లో 98 దగ్గర ఆడింది, ట్రాక్టర్ రోటవేటర్‌తో 91, 92. వీపుకి తగిలించుకునే మోడల్ అయితే ఇంజిన్ సరిగ్గా తల వెనకే ఉంటాది కాబట్టి ఇంకా జాగ్రత్త. మన దేశంలో ఫ్యాక్టరీలకి 8 గంటలకి 90 డీబీ అని రూలు, ఈ నయోష్ వాళ్ళు అయితే 85 దాటొద్దు అంటాది, పైన ప్రతి 3 డీబీకీ టైము సగం చేసుకుంటూ పోవాలి. 88కి 4 గంటలు, 91కి 2, 94కి ఒక గంట, 97కి అరగంట. అంటే నా బ్రష్ కట్టర్‌కి ఉత్త చెవులతో అరగంట కూడా లేదు, ట్యాంకు నింపిన పెట్రోల్ అవ్వకముందే రోజు కోటా అయిపోతాది.

ఇప్పుడు అసలు లెక్క. 30 డీబీ ఆపే మఫ్ కొన్నారు అనుకోండి, పని టైములో సగం సేపు తీసీసి మెడలో వేసుకున్నారు, అప్పుడు మొత్తం మీద మీకు దక్కేది 3 డీబీయే. పదో వంతు టైము తీసినా 10 డీబీ దాటదు. డెసిబెల్ లెక్క లాగరిథమ్ కాబట్టి అలాగే వస్తాది. ఫోన్ మోగిందని, చెమట తుడుచుకోడానికని, పక్కోడు ఏదో అడిగేడని మిషన్ ఆపకుండానే తీస్తాం చూడండి, డబ్బులన్నీ అక్కడే పోతాయి. నేను పెట్టుకున్న రూలు ఒకటే, మిషన్ ఆపేకే మఫ్ తియ్యడం, మఫ్ పెట్టేకే తాడు లాగడం.

డబ్బా మీద నంబర్ని కూడా ఉన్నదున్నట్టు నమ్మకూడదు. మోత ఎన్ని డీబీ ఆపుతాదో చెప్పడానికి ఎన్ఆర్ఆర్ అమెరికా లెక్క, ఎస్ఎన్ఆర్ యూరప్ లెక్క, ఒకే మఫ్‌కి ఎస్ఎన్ఆర్ కొంచెం ఎక్కువ కనపడతాది, అందుకని ఆన్‌లైన్లో రెండు మఫ్‌లు పోల్చేటప్పుడు ఒకదాని ఎన్ఆర్ఆర్‌నీ ఇంకోదాని ఎస్ఎన్ఆర్‌నీ పక్కపక్కన పెట్టకండి. ఎన్ఆర్ఆర్ అయితే అందులోంచి 7 తీసి మిగిలింది సగం చెయ్యండి, బయట పనిలో నిజంగా దొరికేది దాదాపు అంతే అనుకోండి. ఎన్ఆర్ఆర్ 27 ఉంటే 10 వస్తాది. నా 98 లోంచి 10 పోతే 88, అంటే 4 గంటల పని. నాకు అది సరిపోతాది, ఎందుకంటే ఎండాకాలం ఇక్కడ ఉదయం ఆరు నుంచి పది దాటేక ఎవడూ మిషన్ పట్టుకోలేడు.

ఫోమ్ ప్లగ్‌ల గురించి. పసుపు రంగువో, నారింజ రంగువో, నొక్కితే నలిగి మళ్ళీ ఉబ్బుతాయి. త్రీఎం కంపెనీ 1100, తాడున్నది కావాలంటే 1110, రెండింటికీ ఎన్ఆర్ఆర్ 29. చవక, జేబులో పడతాయి, తలగుడ్డకి టోపీకి అడ్డు రావు. సరిగ్గా పెడితే వీటిని మించింది లేదు, పెట్టడంలోనే ఉంది చిక్కంతా. రెండు వేళ్ళ మధ్య మెల్లగా తిప్పుతూ ముడత పడకుండా సన్నగా చుట్టాలి, రెండో చెయ్యి తల మీంచి తెచ్చి చెవిని పైకీ వెనక్కీ లాగాలి, అప్పుడు చెవి దారి సూటిగా అవుతాది, లోపలికి దూర్చి అది ఉబ్బే వరకు, ఒక అరనిమిషం, వేలితో ఆపి ఉంచాలి. చాలామంది చెవి గుంటలో బిరడా పెట్టినట్టు పైపైన పెట్టీసి "ఏటీ ఆగట్లేదు" అంటారు. సరిగ్గా పడిందో లేదో చూడాలంటే మిషన్ స్టార్ట్ చేసి రెండు అరచేతులూ చెవుల మీద గట్టిగా మూసి తియ్యండి, మూసినప్పుడు మోత బాగా తగ్గిందంటే ప్లగ్ సరిగ్గా పడలేదని లెక్క.

కానీ మన పనిలో చేతులు శుభ్రంగా ఎక్కడుంటాయి. పెట్రోల్లో టూటీ ఆయిల్ కలిపిన చెయ్యి, గ్రీజు చెయ్యి, జీడిపళ్ళ టైములో ఆ రసం కూడా, అదే చేత్తో ప్లగ్ చుట్టి చెవిలో పెడితే మురికంతా లోపలికే. ఉక్కకి చెవిలో ముందే తడి, దానికి ఇది తోడైతే దురద, తర్వాత ఫంగస్. అందుకే ఫోమ్ ప్లగ్‌లు నేను ఇంటి దగ్గరే, చేతులు కడుక్కుని పెట్టుకుని బయల్దేరే రోజులకే వాడతాను, మధ్యలో తీస్తే అవి చెత్తలోకే. కడిగి మళ్ళీ వాడదాం అనుకోకండి, కడిగితే ఉబ్బే గుణం పోతాది. చెవిలో చీము ఉన్నవాళ్ళు, కర్ణభేరికి చిల్లు ఉందని డాక్టర్ చెప్పినవాళ్ళు అసలు ప్లగ్ జోలికి పోవద్దు.

గొడుగుల్లా మూడు అంచులుండే మెత్త ప్లగ్‌లు వేరే రకం, త్రీఎం 1270 లాంటివి, ఎన్ఆర్ఆర్ 24. వీటికి వెనక కాడ ఉంటాది, కాడ పట్టుకుని తోసీడమే, చెవిలోకెళ్ళే భాగం ముట్టుకోనక్కర్లేదు, సబ్బు నీళ్ళతో కడిగి ఆరబెట్టి మళ్ళీ వాడుకోవచ్చు. పొలం పనికి ప్లగ్ అంటే నా ఓటు దీనికే. గంటలకొద్దీ ఉంచితే కొందరికి చెవి లోపల నొప్పి వస్తాది, నాకు ఎడమ చెవికి కొంచెం వస్తాది, చెవి రంధ్రం అందరికీ ఒకలా ఉండదు కదా.

మఫ్‌ల దగ్గరికొస్తే, నేను ఎక్కువ కాలం వాడుతున్నది త్రీఎం పెల్టర్ ఎక్స్4ఏ, ఎన్ఆర్ఆర్ 27, కప్పులు పల్చగా ఉంటాయి. అదే వరసలో ఎక్స్5ఏ ఉంది, 31, కానీ డొప్పలు పెద్దవి, కొమ్మల కింద వంగి పనిచేసేటప్పుడు నాకు అంత అక్కర్లేదనిపించింది. ఇంకా ఎక్కువ ఆపేది కొంటే మంచిదే కదా అని అడుగుతారు. చెవికి చేరేది మరీ 70 కన్నా కిందకి పోతే ఏమీ వినపడక మనిషికి కంగారు పుడతాది, బ్లేడు రాయికి తగిలిన శబ్దం, ఇంజిన్ గొంతు మారడం కూడా తెలీదు, అప్పుడు చెయ్యి దానంతటదే మఫ్ మీదకి పోతాది.

మఫ్‌తో గొడవ ఏటంటే చెమట. ఏప్రిల్, మే నెలల్లో సముద్రం గాలి ఆగిపోయిన రోజు అది చెవుల మీద ఇడ్లీ పాత్ర బోర్లించినట్టే. అరగంటకోసారి మిషన్ ఆపి, తీసి, కుషన్లు పొడి గుడ్డతో తుడిచి, చెవులకి గాలి తగలనిచ్చి మళ్ళీ పెట్టుకుంటాను, మిషన్‌కీ రెస్టే. ఏ కంపెనీదైనా కుషన్లు చెమటకీ ఎండకీ గట్టిపడతాయి, పగుళ్ళు వస్తాయి, కంపెనీ వాళ్ళే ఆర్నెల్లకోసారైనా మార్చమంటారు. గోరుతో నొక్కి చూడండి, గుంట పడి వెంటనే పైకి రావాలి, రాకపోతే మార్చాలి. శ్రీకాకుళంలో నాకు మఫ్‌లు దొరికేయి గానీ విడి కుషన్లు దొరకలేదు, అందుకని మఫ్ ఆర్డర్ పెట్టినప్పుడే కుషన్ కిట్ కూడా పెట్టీసేను.

అన్నిటికన్నా ఎక్కువ పాడుచేసేది తలగుడ్డ. మనోళ్ళు తువ్వాలు తలకి చుట్టి చెవులు కప్పీసి దాని మీద మఫ్ పెడతారు, మఫ్‌కీ చర్మానికీ మధ్యలో బట్ట వచ్చిందంటే సందులోంచి మోత లోపలికి వచ్చీసినట్టే. తువ్వాలు చెవుల పైన కట్టండి, మఫ్ చర్మానికి తగలాలి. కళ్ళజోడు కాడలు కూడా అంతే, లావు ప్లాస్టిక్ కాడలైతే కుషన్ని ఎత్తి పట్టుకుంటాయి, సన్నని తీగ కాడలు నయం. నేను దగ్గరి చూపు జోడు జేబులో పెట్టీసి సన్న కాడల సేఫ్టీ జోడు పెడతాను, రాళ్ళు ఎగిరే పని కదా, అది లేకుండా ఎలాగూ కుదరదు. హెల్మెట్‌కి జాలీతో పాటు తగిలించి వచ్చే మఫ్‌లు కూడా వాడేను, కొమ్మలు పడే చోట హెల్మెట్ ఉండాల్సిందే, కానీ వాటి పట్టు తల మీది బ్యాండు అంత గట్టిగా ఉండదు, రేటింగు కూడా మామూలుగా కొంచెం తక్కువే.

ట్రాక్టర్ సంగతి వేరు. అక్కడ మోత తక్కువే గానీ గంటలు ఎక్కువ, అదీ దడదడమని లావు శబ్దం. మఫ్‌లు కీచు శబ్దాన్ని బాగా ఆపుతాయి, లావు శబ్దం దగ్గర కొంచెం తేలిపోతాయి, లోపలికంటా పెట్టిన ఫోమ్ ప్లగ్ అక్కడ నయం. చేతులు కూడా స్టీరింగు మీదే కాబట్టి మురికి బాధ తక్కువ. అందుకని దుక్కి రోజు ప్లగ్, గడ్డి మిషన్ రోజు మఫ్, చైన్‌సా రోజు రెండూ. రెండూ కలిపితే రెండు నంబర్లూ కూడిపోతాయి అనుకోకండి, పెద్దదాని మీద ఇంకో 5 డీబీ వస్తాది, అంతే. ట్రాక్టర్ మీద పెద్ద సౌండు బాక్స్ పెట్టుకుని పాటలు వినేవాళ్ళకి ఒక మాట, ఇంజిన్ని దాటి పాట వినపడాలంటే ఇంజిన్ కన్నా ఎక్కువ పెట్టాల్సిందే, చెవికి రెండు దెబ్బలు. బ్లూటూత్ బడ్స్ కూడా చెవి రక్షణ కింద లెక్కకి రావు, దాని మీద ఎన్ఆర్ఆర్ రాసి ఉంటే తప్ప. ఇక దూది, అది చెవిలో ఉందన్న తృప్తే, దాదాపు ఏమీ ఆపదు.

ఆన్‌లైన్లో రెండు మూడొందలకి ఒక పేరు లేని మఫ్ కూడా తెప్పించేను, డబ్బా మీద 34 అని ఉంది, ఏ లెక్కలో 34 అన్నది మాత్రం లేదు. బ్యాండు ఒక సీజన్‌కే వదులైపోయి తల వంచితే కప్పు జారిపోయేది. కొనేముందు యూరప్ ప్రమాణం ఈఎన్ 352 గానీ, అమెరికా ప్రమాణం అన్సీ గానీ, మన దేశం ప్రమాణం ఐఎస్ 9167 గానీ ఏదోటి ఉందో లేదో చూడండి, ఏదీ లేకపోతే ఆ అంకె ఊరికే అచ్చేసిందే.

మఫ్ పెట్టుకుంటే వెనకనుంచి ఎవరొచ్చినా తెలీదు అని భయపడతారు, నిజమే, కానీ బ్రష్ కట్టర్ నడుస్తున్నప్పుడు మఫ్ లేకపోయినా తెలీదు. 15 మీటర్ల లోపలికి ఎవర్నీ రానివ్వొద్దని బుక్కులోనే ఉంటాది. మా ఆవిడ అంబలి పట్టుకొచ్చినప్పుడు ఆ దూరంలోనే నాకు ఎదురుగా వచ్చి తువ్వాలు ఊపుతాది, నేను ఇంజిన్ ఆపి, బ్లేడు తిరగడం ఆగేకే ఆవిడ అడుగు ముందుకి వేస్తాది. మొదట్లో "గావుకేకలు పెట్టినా పలకవు" అని తిట్టేది.

నాతో పనికొచ్చే కుర్రోడు ప్లగ్ అంటే చెవిలో ఏదో దూరినట్టుందని పీకి పారీస్తాడు, అదే మఫ్ ఇస్తే సాయంత్రం వరకు తియ్యడు, పైగా అది పెట్టుకుని ఫోటో కూడా దిగేడు. వాడి కోసం ఎన్ఆర్ఆర్ 20 పైన ఉన్న చవక మఫ్ ఇంకోటి, ఐఎస్ మార్కు చూసే, కొన్నాను, వాడికి ఆ నంబర్‌తో పని జరిగిపోతోంది.